తెరమీది బేస్‌బాల్ – పాత ఆటలోని ఆకర్షణ

క్రికెట్టు, కబడ్డీ, వాలీబాలు – ఈ మూడే మైదానములను ఆక్రమించుకొన్న సీమ మనది. ఇట్టి సీమలో బేస్‌బాల్ అను అమెరికా దేశపు ఆటకు అభిమానులు కలరన్నచో వినువారికి వింతగా తోచవచ్చును. కాని అది వాస్తవము. పూతలపట్టు, పాకాల, చిత్తూరు ప్రాంతములలో నేడు నలువదియేండ్ల ప్రాయమున నున్నవారిని కదిలించి చూచినచో, బేస్‌బాల్ మైదానమును కన్నులార చూచినవారు మిక్కిలి అరుదు. బేస్‌బాల్ ఆడినవారు మాత్రము తప్పక కనబడుదురు. వారాడినది పచ్చిక మీద గాదు, టీవీ తెరమీద. 1990 దశకమున కలిగినవారి యిండ్లలోను, గంటకింత యని అద్దె పుచ్చుకొను దుకాణములలోను టీవీకి తగిలించి ఆడుకొన్న చిన్న పెట్టెలే వారికి ఆ యాటను పరిచయము చేసినవి. ఆ పాత ఆటను నేటికిని వెదకి తెచ్చుకొని ఆడువారు ఉన్నారు. ఇంతకంటె వేయి రెట్లు సొంపైన ఆటలు అరచేతిలోని ఫోనులోనే దొరకుచుండగా ఈ పాతదానిపై మక్కువ యేల? ఈ ప్రశ్నకు సమాధానము వెదకుటయే మా ప్రయత్నము.

మొదట ఆ పెట్టె కథను కొంత చెప్పవలెను. 1983 జూను 25వ తేదీన లార్డ్స్ మైదానమున భారత జట్టు 183 పరుగులు మాత్రమే చేసి, వెస్టిండీసును 140 పరుగులకు కట్టివేసి ప్రపంచ కప్పును గెలిచెను. ఆ దినము మన పల్లెల ఆటలచరిత్రనే మార్చివైచెను. సరిగా ఇరువది దినముల తరువాత, జూలై 15వ తేదీన, జపాను దేశమున నింటెండో కంపెనీవారు ఫ్యామికామ్ అను టీవీ ఆటలపెట్టెను అమ్మకమునకు పెట్టిరి. ఆ సంవత్సరము డిసెంబరులోనే దానికొక బేస్‌బాల్ ఆట వెలువడెను. జపానులో బేస్‌బాల్ మనకు క్రికెట్టువంటిది గనుక అది అచట సహజమే. మన దేశమునకు ఆ పెట్టె నేరుగా గాక, దానికి నకళ్లుగా తయారైన పెట్టెల రూపమున ఎక్కువగా చేరినది. సమురాయ్, మీడియా, లిటిల్ మాస్టర్ అను పేర్లు ఆనాటి పిల్లలకు కంఠస్థములు. ఆట నిండియున్న ప్లాస్టిక్కు బిళ్ళకు మనవారు పెట్టుకొన్న పేరు ‘క్యాసెట్టు’.

ఆ క్యాసెట్ల అట్టమీద వందలు, వేలు ఆటలున్నట్లు అచ్చువేసెడివారు. లోపల చూచినచో ఉన్నవి కొన్నియే; అవియే పేర్లు మార్చుకొని మరల మరల వచ్చుచుండెను. ఆ కొన్నిటిలో బేస్‌బాల్ తరచుగా ఉండుటకు కారణము దాని గొప్పతనము గాదు, దాని చిన్నతనము. ఫ్యామికామ్ తొలినాటి ఆటలు 40 కిలోబైట్లకు మించినవి కావు. నేడు ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము పట్టు చోటులో అట్టివి నూరింటిని అమర్చవచ్చును. చోటు తక్కువ తినునట్టి ఆటలనే ఒకే క్యాసెట్టులో కుక్కుట సులభము. ఈ విధముగా, ఎవ్వరును కోరకుండగనే, బేస్‌బాల్ ఆట సముద్రములు దాటి మామిడితోపుల నడుమ నున్న మన ఊళ్లకు వచ్చిచేరినది.

ఆట నియమములు చెప్పువారెవరును లేరు. పుస్తకము లేదు, ఉన్నను అది జపాను భాషలోనిది. అయినను పిల్లలు దానిని నేర్చుకొనిరి. ఎట్లు? బేస్‌బాల్‌లోని అంశములు విడివిడిగా వారికి ముందే తెలిసియుండుటచేత. కట్టెతో కొట్టినది గాలిలోనుండగానే పట్టుకొన్నచో కొట్టినవాడు ఔటగుట బిళ్ళంగోడులో ఉన్నది, క్రికెట్టులోను ఉన్నది. బంతి కొట్టి పరుగిడుట క్రికెట్టు నేర్పినది. పరుగిడువాడు గమ్యము చేరులోపల బంతి వచ్చి వానిని అడ్డగించు భయము ఏడు పెంకులాటలో అనుభవమే. క్రొత్తగా నేర్వవలసినవి రెండు మూడు మాత్రమే. బేస్‌బాల్‌లో జట్టునకు తొమ్మండుగురు. మైదానమున నలుచదరముగా నాలుగు గమ్యములు. ఒక్కొక్కదాని నడుమ దూరము 90 అడుగులు. బంతి కొట్టినవాడు మూడు గమ్యములను వరుసగా తాకి, బయలుదేరిన చోటికే తిరిగి వచ్చిననే ఒక పరుగు. కొట్టదగిన బంతిని మూడుమారులు విడిచినను, కొట్టబోయి తప్పినను ఔటు. విసరువాడు నాలుగు చెడ్డబంతులు వేసినచో కొట్టువానికి మొదటి గమ్యము ఊరకనే లభించును. ముగ్గురు ఔటైనచో వంతు మారును. ఇట్టి వంతులు ఒక్కొక్క జట్టునకు తొమ్మిది. ఈ లెక్క యెల్ల తెరమీద కనబడు అంకెలను బట్టియే మన పిల్లలు ఊహించి గ్రహించిరి. నియమమును చదివి నేర్చుకొనుటకంటె, ఓడిపోవుచు కనిపెట్టుట వలన కలుగు ఆనందము వేరు. ఈ ఆట ఆకర్షణలో మొదటి పాలు దీనికే చెందునని మా తలంపు.

రెండవ కారణము ఆటకును తెరకును కుదిరిన పొత్తు. క్రికెట్టులో బంతిని నలువైపులకును కొట్టవచ్చును. ఆటగాని వెనుకకు పోయిన బంతియు పరుగులనిచ్చును. అంతటి వలయమును చిన్న తెరమీద చూపుట ఆనాటి యంత్రమునకు కష్టసాధ్యము. బేస్‌బాల్‌లో అట్లు గాదు. కొట్టువాని యెదుట విసనకఱ్ఱవలె విచ్చుకొన్న సమకోణములోపల పడిన బంతియే చెల్లును. ఆ గీతలకు వెలుపల పడినది చెల్లదు. కావున తెర అడుగున కొట్టువానిని నిలిపి, పైవైపునకు మైదానమును పరచినచో ఆట యంతయు కంటియెదుట నిలుచును.

ఇంతకంటె చమత్కారమైనది చేతిలోని మీటల అమరిక. ఎడమ బొటనవ్రేలి క్రింద కూడికగుర్తువంటి మీట యొకటి యుండును. 1982లో నింటెండో వారి చేతిఆట యొకదానికై గుంపెయ్ యొకోయ్ అను శిల్పి దానిని రూపొందించెను. దానికి నాలుగు చేతులు. బేస్‌బాల్‌లో నాలుగు గమ్యములు. బంతిని మొదటి గమ్యమునకు విసరవలెనన్న కుడిచేతిని నొక్కవలెను, రెండవదానికి పైచేతిని, మూడవదానికి ఎడమచేతిని, బయలుదేరిన చోటికి క్రిందిచేతిని. తెరమీది మైదానములో ఏ గమ్యము ఎటువైపున నున్నదో, వ్రేలిక్రింద ఆ మీటయు అటువైపుననే యున్నది. అందుచేత ఒక గంట ఆడినవాడు మీటను తలచుకొనుట మానివేయును; మైదానమునే తలచుకొనును. పనిముట్టు చేతిలో మరుగుపడి పని మాత్రమే మిగులుట మంచి పనిముట్టునకు లక్షణము గదా! కమ్మరి చేతి సుత్తి, రైతు చేతి కొడవలి ఇట్టివే.

మూడవది, అన్నిటికంటె ముఖ్యమైనది, ఇద్దరి నడుమ జరుగు ఊహల పోరు. బంతి విసరువాడు క్రిందిమీట నొక్కినచో వేగముగా పోవును. పైమీట నొక్కినచో మెల్లగా పోవును. ప్రక్కమీటలు నొక్కినచో వంకర తిరుగును. కొట్టువానికి కట్టె ఆడించు అదను ఒక్క క్షణము. అసలు మైదానమున మేటి ఆటగాడు విసరిన బంతి అరువది అడుగుల ఆరంగుళముల దూరమును సుమారు 0.4 సెకనులో దాటిపోవును. తెరమీద అంత తొందర లేదు గాని, నిర్ణయము మాత్రము అట్టిదే. ‘వీడు రెండు వేగపు బంతులు వేసినాడు, మూడవది మెల్లగా వేయునా? నేనట్లు తలతునని ఎరిగి మరల వేగముగానే వేయునా?’ ప్రక్కప్రక్కనే కూర్చున్న అన్నదమ్ములు ఒకరి మొగము నొకరు చూచుకొనకుండ, ఒకరి మనస్సు నొకరు చదువుటకు చేయు యత్నమే ఈ ఆట. ఎదుటివాని స్వభావము తెలిసినకొలది ఆట రుచి పెరుగును. యంత్రముతో ఒంటరిగా ఆడువానికి ఈ రుచిలో సగము దక్కదు.

దేవాలయ మండపముల బండలమీద గీసియున్న పులిజూదపు గళ్ళను మనలో చూడనివారుండరు. మూడు పులులు, పదునైదు మేకలు. కావలసినవి కొన్ని గులకరాళ్లు. శతాబ్దములు గడచినను ఆ ఆట చావలేదన్న, అందులోని బొమ్మల అందమువలన గాదు. పాత బేస్‌బాల్‌కును అదే న్యాయము వర్తించును. 1983 నాటి ఆ ఆటలో జట్లన్నియు సమానము, రంగులే వేరు. బలమైన జట్టును ఎన్నుకొని గెలుచుట యను మాట లేదు. గెలిచినవాడు తానే గెలిచినట్లు, ఓడినవాడు తానే ఓడినట్లు. 1986లో నామ్కో కంపెనీవారి ఆట వెలువడిన పిదప ఆటగాండ్రకు వేర్వేరు శక్తులు వచ్చినవి. 1988లో అమెరికాలో వచ్చిన ఆర్.బి.ఐ. బేస్‌బాల్‌లో నిజమైన ఆటగాండ్ర పేర్లే చేరినవి. వాటి రుచి వాటిది. కాని సమానులైన బొమ్మలతో ఆడు తొలి ఆటలోని నిక్కచ్చితనమును కోరువారు నేటికిని కలరు.

ఇక తెరమీది బొమ్మల మాట. అడ్డముగా 256, నిలువుగా 240 – మొత్తము సుమారు 61 వేల చుక్కలు. ఆ యంత్రము గీయగలిగినది అంతే. ఒక్కొక్క కదలెడి బొమ్మముక్కకు మూడు రంగులు. ఒకే వరుసలో ఎనిమిది ముక్కలకు మించి చూపలేదు గనుక, ఆటగాండ్రు ఒకే వరుసలోనికి గుంపుగా వచ్చినచో బొమ్మలు మిణుకుమిణుకు మనును. మొగములకు కన్ను ముక్కు ఉన్నవో లేవో చెప్పుట కష్టము. ఇంతటి పేదతనము ఆకర్షణ యెట్లగును?

ఆకాశవాణి శ్రోతలకు ఈ విషయమును బోధపరచుట కష్టము గాదు. రేడియోలో బొమ్మయే లేదు గదా! అమెరికాలో 1921 ఆగస్టు 5వ తేదీన పిట్స్‌బర్గ్ నగరపు కె.డి.కె.ఎ. కేంద్రము బేస్‌బాల్ పోటీని తొలిసారిగా ప్రసారము చేసెను. ఆ పిదప దూరపు ఊళ్లలోని పోటీలను తంతివార్తల ఆధారముతో స్టూడియోలో కూర్చుండియే వర్ణించు పద్ధతి వాడుకలోనికి వచ్చెను. తరువాతికాలమున అమెరికా అధ్యక్షుడైన రోనాల్డ్ రీగన్, 1930 దశకమున డి మొయిన్ నగరపు డబ్ల్యు.హెచ్.ఓ. కేంద్రమునుండి చికాగో కబ్స్ జట్టు పోటీలను ఇట్లే వర్ణించెను. చేతికి వచ్చు చీటిలో నాలుగు పొడి మాటలుండును. వినువారి మనస్సులో జనసమ్మర్దము, ఎండ, దుమ్ము అన్నియు నిండును. మన యిండ్లలో ట్రాన్సిస్టరును చెవి కానించుకొని క్రికెట్టు వ్యాఖ్యానము విన్నవారందరికి ఇది అనుభవైకవేద్యము. పాత తెరమీది చుక్కల బొమ్మయు అట్టి పొడి మాటయే. అది సూచించును, మిగిలినదానిని ఆడువాడు నింపుకొనును. నేటి ఆటలు చెమటచుక్కను సైతము చూపును. చూడదగినదెల్ల చూపివేయుటచేత ఊహకు పని తక్కువ.

‘ఇదంతయు చిన్ననాటి జ్ఞాపకముల తీపియే గాని ఆట గొప్పతనము గాదు’ అని ఆక్షేపించువారు కలరు. ఈ ఆక్షేపణలో సత్యము కొంత లేకపోలేదు. వేసవి సెలవులు, మామిడిపండ్లు, ఇంటినిండ చుట్టములు, కరెంటు పోవునేమోనన్న దిగులు – ఇవన్నియు ఆ ఆటతో పెనవేసికొని యున్నవి. ఆటను వాటినుండి విడదీయుట ఆడినవారికి సాధ్యము గాదు. కాని దీనికొక పరీక్ష కలదు. ఆ కాలమును ఎరుగని పదేండ్ల పిల్లవాని చేతికి ఆ మీటల పలకను ఇచ్చి చూడవలెను. మొదట బొమ్మలను చూచి నవ్వును. తండ్రితోనో, మేనమామతోనో రెండు వంతులాడిన పిదప నవ్వుట మాని ముందుకు వంగి కూర్చుండును. ‘ఇంకొక్క ఆటబ్బా!’ అని వాడు అడిగినచో, అది జ్ఞాపకము పలికించిన మాట గాదు. ఆట పలికించిన మాట.

ఇట్టి పరీక్ష చేయగోరువారికి కొన్ని మెళకువలు అవసరము. పాత పెట్టెను క్రొత్త పలుచని టీవీకి తగిలించినచో కట్టె ఆలస్యముగా ఆడినట్లు తోచును. ఆడువాని చేయి మొద్దుబారినదని తలపరాదు. పాత లావు టీవీ వచ్చిన సంకేతమును వచ్చినట్లే గీతలు గీతలుగా చూపును. క్రొత్త టీవీ బొమ్మను ముందు సవరించి తరువాత చూపును. ఆ సవరణకు పట్టు కాలము సెకనులో కొన్ని నూరవ వంతులే యైనను, అదనుమీద ఆధారపడిన ఆటకు అది చాలును. కొన్ని క్రొత్త టీవీలలో ఆటలకొరకు ప్రత్యేకమైన అమరిక యుండును. దానిని ఎన్నుకొన్నచో ఆలస్యము తగ్గును. క్యాసెట్టు పనిచేయనపుడు నోటితో ఊదుట ఆనాటి దేశవ్యాప్త వైద్యము. అది మంచిది గాదు. ఊపిరిలోని తేమచేత లోహపు అంచులు చెడును. ఊదిన పిదప పనిచేసినదన్న, తీసి మరల పెట్టుటచేత అంచులు సరిగా తగులుటయే ముఖ్యకారణము. దూదిపుల్లకు కొంచెము స్పిరిటు అద్ది తుడిచి, ఆరనిచ్చి పెట్టుట సరియైన పద్ధతి. ఆ పెట్టెలు, ఆ టీవీలు ఏటేట పాతసామానులవాని తక్కెడకు పోవుచున్నవి. అటకమీద ఒకటి మిగిలియున్నచో దానిని పారవేయుటకు ముందు ఒకమారు ఆలోచింపవలెను.

ఈ ఆలోచన ఏల అవసరమో చెప్పి ముగింతుము. నేడు మన బిడ్డల చేతిలోని ఫోనులో ఆటలకు కొదువ లేదు. కాని వానిలో పెక్కింటికి ముగింపు లేదు. ఒక మెట్టు దాటినచో మరియొక మెట్టు; మెట్టు దాటలేనిచో డబ్బు చెల్లింపుమను పిలుపు; ఆటను విడిచి పోయినచో మరల రమ్మను గంట. వీనికి తోడు డబ్బు ఒడ్డి ఆడు ఆటలు చేరి ఎన్ని సంసారములను అప్పులపాలు చేసినవో మన జిల్లాలలోని ప్రజలకు వేరుగా చెప్పనక్కరలేదు. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1974 నాటి గేమింగ్ చట్టమును సవరించి, ఆన్‌లైనులో డబ్బు పెట్టి ఆడు రమ్మీ మొదలగు ఆటలను నిషేధించెను. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికిని వర్తించునట్లు డబ్బు పందెముల ఆన్‌లైను ఆటలను నిషేధించు చట్టమును ఆమోదించెను. చట్టము తలుపు మూయగలదు. కాని ఆట ఎట్లుండవలెనో పిల్లలకు చూపుట చట్టమునకు సాధ్యపడు పని గాదు. అది ఇంటి పెద్దల పని.

పాత బేస్‌బాల్ ఆటకు తొమ్మిది వంతులు. అవి ముగిసినచో ఆట ముగియును. గెలిచినవానికి తెరమీద అంకె తప్ప మరేమియు రాదు. ఓడినవానికి పోవునది ఏమియు లేదు. క్యాసెట్టునకు ఒకమారు చెల్లించిన వెల తప్ప అది మరల ఒక్క పైసా అడుగదు. మీట నొక్కి ఆపివేసినచో నిన్నటి గెలుపు సైతము దానికి గుర్తుండదు. రేపు అందరును సున్నతోనే మొదలుపెట్టవలెను. అన్నిటికి మించి, ఆ ఆట రుచి తెలియుటకు ప్రక్కన ఇంకొక మనిషి కావలెను.

తెరమీది ఆట మైదానపు ఆటకు బదులు కాజాలదని మేమెరుగుదుము. కాళ్లకు పరుగు, ఒంటికి చెమట ఆ పెట్టె ఈయలేదు. కాబట్టి మా సలహా యిది. వేసవి మధ్యాహ్నమున ఎండ మండుచున్నపుడు పిల్లలతో కూర్చుండి తెరమీద తొమ్మిది వంతులు ఆడుడు. ఎండ చల్లబడిన పిదప వారిని తోడ్కొని వీధిలోనికి వెళ్లి, నాలుగు రాళ్లను నాలుగు మూలల పెట్టి, కట్టెయు రబ్బరుబంతియు తీసికొని అదే ఆటను కాళ్లతో ఆడి చూడుడు. నియమములు అప్పటికే వారికి వచ్చియుండును. తెరమీద సులభముగా కనబడిన ఆ నాలుగు గమ్యముల పరుగు ఎంత దూరమో అపుడు తెలియవచ్చును.